రోమను నాణెము - నిజమా, నకలా?

(మన సంఘ సర్వసభ్య సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



మన సమావేశాలలో సాధారణంగా డి.ఎ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి, జీవన ప్రమాణ పత్రం గురించి మాట్లాడుకుంటాము. ఈసారి కార్యదర్శిగారు "మీరు ఖజానా శాఖలో ముప్పైమూడేళ్ళు పనిచేశారు, పాత నాణేల సరదా కూడా ఉంది కనుక దాని గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. కేవలం సరదా కబుర్లయితే మీ సమయం తీసుకునేవాణ్ణి కాను. పాత కాసుల పేరు చెప్పి పింఛనుదారులను మోసగించడం ఈ మధ్య ఎక్కువైంది. మరోవైపు, మన ఇళ్ళలో, పొలాలలో నిజంగా పాత కాసులుంటే అవి ఏమిటో తెలియక కరిగిపోతున్నాయి. ఈ రెండు నష్టాలకూ మందు ఒక్కటే. కాసును ఎలా చూడాలో తెలియడం. అందుకని రోమను నాణేలను ఉదాహరణగా తీసుకుని మాట్లాడతాను. మోసగాళ్ళకు ఇష్టమైన పేరు అదే, చరిత్రకారులకు ఇష్టమైన పేరూ అదే.

రోము డబ్బు మన దేశానికెందుకు వచ్చింది?

సుమారు రెండువేల ఏళ్ళ క్రిందట రోము సామ్రాజ్యంవారికి మన మిరియాలు, ముత్యాలు, సన్నని బట్టలు కావలసివచ్చాయి. వాటికి బదులుగా మనవాళ్ళు ఆశపడే సరుకులు వారి దగ్గర తక్కువ. అందుచేత వెండి, బంగారు నాణేలు ఓడలలో వచ్చాయి. భారతదేశానికి ఏటా ఐదు కోట్ల సెస్టర్సులు తరలిపోతున్నాయని మొదటి శతాబ్దంలో ప్లినీ అనే రోమను రచయిత వాపోయాడు. నాలుగు సెస్టర్సులు ఒక వెండి దినారియస్, ఇరవై అయిదు దినారియస్‌లు ఒక బంగారు ఆరియస్. ఆ శతాబ్దంలోనే ఒక గ్రీకు వర్తకుడు వ్రాసిన పెరిప్లస్ అనే నౌకాయాన గ్రంథంలో మసాలియా అన్న పేరుతో మన కృష్ణా తీరం, అక్కడ నేసే సన్నబట్టలు కనిపిస్తాయి.

దినారియస్ అన్న మాటే మన దేశంలో దీనారం అయింది. నాగార్జునకొండలో దొరికిన ఇక్ష్వాకుల కాలపు శాసనంలో రుద్రధర భట్టారిక అనే రాణి బౌద్ధ స్తూపానికి 170 దీనారి మాషకాలు దానం చేసినట్లున్నది. అంటే క్రీ.శ. మూడో శతాబ్దం నాటికి రోము పేరు మన కృష్ణ ఒడ్డున దానధర్మాల లెక్కలోకి ఎక్కిందన్నమాట.

తెలుగు నేలమీద దొరికినవాటిలో రెండు మూడు చెబుతాను. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో ఒక్కచోటనే 1531 వెండి దినారియస్‌లు దొరికాయి. అవి ఎక్కువగా అగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవి. వాటిని, రాష్ట్రంలో దొరికిన ఇతర రోమను నాణేలను పరిశీలించి పరమేశ్వరీలాల్ గుప్త వ్రాసిన గ్రంథాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1965లో ప్రచురించింది. నాగార్జునకొండ తవ్వకాలలో టైబీరియస్ బంగారు కాసు, ఫౌస్టీనా రాణి బంగారు కాసు దొరికాయి.

అన్నిటికంటె మనం గుర్తుంచుకోవలసినది నెల్లూరు ఉదంతం. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతూంటే నాగలికి ఇటుక కట్టడం తగిలింది. త్రవ్వి చూస్తే చిన్న గుడి శిథిలాలు, వాటి క్రింద ఒక కుండ, కుండలో రోమను బంగారు కాసులు. అతను వాటిని పాత బంగారం ధరకు అమ్మివేశాడు. చాలా కాసులు మూసలోకి పోయి కరిగిపోయాయి. నవాబుగారి కుటుంబంవారు తెలిసి ముప్పై చిల్లర మాత్రం దక్కించుకున్నారు. అప్పటి మద్రాసు గవర్నరు డేవిడ్సన్ ఈ సంగతి వ్రాసిపెట్టబట్టి మనకు తెలిసింది. కొన్ని నిన్నగాక మొన్న టంకశాలలో కొట్టినంత క్రొత్తగా ఉన్నాయట. కొన్ని అరిగి, చిల్లులుపడి, మెడలోనో దండకో వేసుకున్న నగల్లా ఉన్నాయట. కరిగిపోయిన కాసులు ఎన్నో, ఏ చక్రవర్తివో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఆ రైతును తప్పుపట్టడానికి లేదు, అతనికి చెప్పేవారు లేరు. మనకు ఇప్పుడు చెప్పేవారున్నారు.

మన ప్రాంతం మాట

మన జిల్లాలో ఏమున్నదని అడుగుతారు. మనకు దగ్గరలో సరుబుజ్జిలి మండలంలో దంతపురం మట్టికోట ఉంది. వంశధార ఒడ్డున సాలిహుండం బౌద్ధక్షేత్రం ఉంది, దానిని 1919లో లోకం దృష్టికి తెచ్చినవారు మన గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆ నది సముద్రంలో కలిసేచోట కళింగపట్నం రేవు. ఇటువంటి చోట విదేశీ వస్తువు దొరికిందంటే ఆశ్చర్యపడనక్కరలేదు. అయితే ఇక్కడే ఒక జాగ్రత్త కూడా నేర్చుకోవాలి.

సాలిహుండంలో, తూర్పుతీరంలోని మరికొన్ని పాత రేవులలో, నల్లని పలుచని మట్టి పళ్ళేల పెంకులు దొరుకుతాయి. వాటి లోపలి అడుగున చిన్న చక్రంతో అద్దిన చుక్కల వరుసలుంటాయి. 1945లో పుదుచ్చేరి దగ్గర అరికమేడు త్రవ్విన మార్టిమర్ వీలర్ అంతటి పండితుడు ఇవి మధ్యధరా ప్రాంతంనుంచి వచ్చినవనుకున్నాడు. చాలాకాలం పుస్తకాలలో అలాగే ఉండేది. తరువాత శాస్త్రజ్ఞులు ఆ మట్టిని పరీక్షించి అవి భారతదేశంలో చేసినవేనని తేల్చారు. అలంకరణ చూసి పేరు పెట్టడం తేలిక, పదార్థం పరీక్షించి పేరు పెట్టడం నిజం. నాణెం విషయంలోనూ అంతే.

కాసును చేతికి తీసుకున్నప్పుడు

ఖజానాలో మాకు నేర్పిన మొదటి పాఠం ఏమిటంటే, ముందు తూచు, తరువాత లెక్కపెట్టు, చివరికి సంతకం పెట్టు. ఇక్కడా అదే వరుస.

మొదటిది తూకం. కుంపిణీ రూపాయి తులం తూగుతుందని మన పెద్దలకు తెలుసు. రోమను నాణేలకూ అలాంటి లెక్క ఉంది. అగస్టస్ కాలపు వెండి దినారియస్ సుమారు 3.8 గ్రాములు. క్రీ.శ. 64లో నీరో తగ్గించిన తరువాత సుమారు 3.4 గ్రాములు. బంగారు ఆరియస్ అగస్టస్ కాలంలో సుమారు 7.8 గ్రాములు, నీరో తరువాత 7.3 గ్రాములు. నాలుగో శతాబ్దంలో కాన్‌స్టంటైన్ ప్రవేశపెట్టిన సొలిడస్ అనే బంగారు కాసు సుమారు 4.5 గ్రాములు. అరుగుదలవల్ల కొంచెం తగ్గవచ్చు. అగస్టస్ బొమ్మ ఉన్న బంగారు కాసు నాలుగు గ్రాములే తూగితే అనుమానించాలి.

రెండవది లోహం. కంసాలి ఆచారిగారి గీటురాయి పైపూతను మాత్రమే చెబుతుంది. అసలు లోహానికి నీటి పరీక్ష ఉంది. నగల కొట్టులో గ్రాములో నూరోవంతు చూపే ఎలక్ట్రానిక్ కాటా ఉంటుంది. ముందు కాసును తూచండి. తరువాత కాటామీద గ్లాసుతో నీళ్ళు పెట్టి అంకెను సున్న చేయండి. కాసును సన్నని దారానికి కట్టి, అడుగుకు, అంచుకు తగలకుండా నీళ్ళలో వ్రేలాడదీయండి. అప్పుడు కాటాలో కనిపించే చిన్న అంకెతో కాసు బరువును భాగించండి. 7.80 గ్రాముల కాసుకు నీళ్ళలో 0.41 వస్తే భాగఫలం 19. మేలిమి బంగారానికి 19.3, వెండికి 10.5, రాగికి సుమారు 9, ఇత్తడికి ఎనిమిదిన్నర దరిదాపు. ఆర్కిమిడీసు చెప్పిన సూత్రమే ఇది. మన మనుమలు బడిలో చదువుకున్నదే, వారిచేత చేయించండి, వారికీ సరదాగా ఉంటుంది. ఇప్పుడు కొన్ని నగల కొట్లలో, హాల్‌మార్కు కేంద్రాలలో ఎక్స్‌రే కిరణాలతో లోహపు పాళ్ళు చూపే యంత్రం కూడా ఉంది. అయితే ఏ పరీక్షకైనా ఒక హద్దు ఉంది. లోహం ఏమిటో చెబుతుంది కాని కాసు ఎప్పటిదో చెప్పదు. నిన్న కరిగించిన బంగారానికీ అదే అంకె వస్తుంది.

మూడవది తయారీ. రోమనులు వేడిచేసిన లోహపు బిళ్ళను రెండు ఉక్కు లేక కంచు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవారు. అందుచేత అక్షరాల అంచులు పదునుగా ఉంటాయి, బొమ్మ ఒక ప్రక్కకు జరిగి ఉండవచ్చు, అంచు పూర్తి గుండ్రంగా ఉండదు. పోతపోసిన నకలుకు అక్షరాలు మైనంలా మెత్తబడి ఉంటాయి, ఉపరితలంమీద సూదిమొనంత గాలిబుడగల గుంటలుంటాయి, అంచు చుట్టూ కుట్టులాంటి గీత ఉంటుంది లేదా ఆ గీతను ఆకురాయితో రుద్దిన గుర్తు ఉంటుంది. పదిరెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం ఉంటే చాలు.

నాలుగవది బొమ్మ, అక్షరాలు. మనదేశంలో ఎక్కువగా దొరికే వెండి దినారియస్‌లు రెండు రకాలు. అగస్టస్ నాణెం వెనుకవైపు ఇద్దరు యువకులు నిలబడి ఉంటారు, వారి మధ్య డాళ్ళు, ఈటెలు. వారు ఆయన మనుమలు, గయస్, లూసియస్. టైబీరియస్ నాణెం వెనుకవైపు ఆసనంమీద కూర్చున్న స్త్రీ, ఒక చేత దండం, ఒక చేత కొమ్మ. అక్షరాలు మనకు బడిలో నేర్పిన ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలే, 'యు'కు బదులు 'వి' ఉంటుంది. 'సీజర్' అన్న మాటను కొంచెం శ్రమపడితే ఎవరైనా పోల్చుకోగలరు. నాణెంమీద క్రీస్తు పూర్వం ఫలానా సంవత్సరం అని చెక్కి ఉంటే మాత్రం మరి పరీక్షలక్కరలేదు. క్రీస్తు పుట్టబోతున్నాడని ముందే తెలిసిన టంకశాల లోకంలో లేదు.

వింత కాసులు

ఇంతవరకు చెప్పినవి మామూలు నాణేల లక్షణాలు. ఈ లెక్కకు సరిపోని కాసు కనిపిస్తే వెంటనే దొంగదని పారవేయవచ్చునా? పారవేయకూడదు. ఈ ప్రసంగంలో నేను ముఖ్యంగా మనవి చేయదలచినది ఈ సంగతే.

మన దేశంలో దొరికే రోమను కాసులలో కొన్నింటిమీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలితో కొట్టిన గాటు ఉంటుంది. తమిళనాడు పుదుక్కోటలో 1898లో దొరికిన 501 బంగారు కాసులలో చాలావాటికి ఈ గాటుంది. కొట్టినవారు మనవాళ్ళే. ఆ రాజు నాణెంగా చెల్లకుండా, బంగారంగా చెలామణీ కావడానికని కొందరు పండితులు, లోపలి లోహం చూడడానికని కొందరు అంటారు. కొన్నింటికి చిల్లు ఉంటుంది, కొన్నింటికి కొక్కెం అతికి ఉంటుంది. మన ఆడవారి కాసులపేరుకు ఇవే పూర్వీకులనుకోవచ్చు. కొన్ని వెండి దినారియస్‌లు లోపల రాగి, పైన వెండిరేకు. అవి ఆ కాలపు దొంగనాణేలే, అయినా రెండువేల ఏళ్ళ వయసున్న దొంగలు కనుక మ్యూజియంలో చోటు దక్కింది.

అన్నిటికంటె వింతయినవి మన కంసాలులే చేసిన అనుకరణలు. బొమ్మ రోమను రాజుది, ముక్కు కళ్ళు మాత్రం మన పద్ధతి. అక్షరాల స్థానంలో చదవడానికి వీలులేని గీతలు. భాష రానివాడు చూసి వ్రాస్తే ఎలా ఉంటుందో అలా ఉంటాయి. ఒడిషాలో శిశుపాలగఢ్ తవ్వకాలలో రోమను నాణేన్ని అనుకరించిన మట్టి బిళ్ళలు కూడా దొరికాయి. మన పొరుగునే మరో ఉదాహరణ ఉంది. కుషాణు రాజు నిలబడిన బొమ్మను అనుకరించి, అక్షరాలు లేకుండా పోతపోసిన రాగి నాణేలు ఒడిషాలో పూరీనుంచి గంజాం వరకు దొరుకుతాయి. వాటికి పూరీ కుషాణ నాణేలని పేరు. 1936 వరకు మన శ్రీకాకుళం గంజాం జిల్లాలోనిదే కదా. వీటిని కుషాణు రాజులు వేయించలేదు, ఈ నేలమీది మనుషులు తమ అవసరానికి చేసుకున్నారు. పోత కనుక నకలు, నకలు కనుక పనికిరాదు అని ఎవరైనా కరిగించి ఉంటే మన ప్రాంతపు చరిత్రలో ఒక పుట పోయేది.

అంటే పోతపోసిన గుర్తు ఉన్నంతమాత్రాన క్రొత్తదని తీర్పు చెప్పలేము, అక్షరాలు తప్పు ఉన్నంతమాత్రాన మోసమనీ చెప్పలేము. అప్పుడు ఎలా తేలుతుంది? ఎక్కడ దొరికింది, ఏ వస్తువులతో కలిసి దొరికింది, ఎవరు చూశారు అన్న సాక్ష్యంవల్ల తేలుతుంది. కాసుపైనున్న మట్టి, దాని క్రిందనున్న అరుగుదల కూడా సాక్షులే.

దీనికి విదేశాలనుంచి రెండు ఉదంతాలు. 1713లో ట్రాన్సిల్వేనియాలో దొరికినట్లు చెప్పబడిన కొన్ని బంగారు నాణేలలో స్పాన్సియన్ అనే రోమను చక్రవర్తి పేరుంది. చరిత్రలో ఆ పేరుగల చక్రవర్తి మరెక్కడా లేడు. పోత నాణెం, మొరటు పని, తూకం తేడా. అందుచేత దొంగదని తీసిపారవేశారు. దానిలో ఒకటి స్కాట్లండులో గ్లాస్గో నగరపు మ్యూజియంలో ఉండిపోయింది. 2022లో శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శినితో చూస్తే చాలాకాలం చేతులు మారిన గీతలు, ఆ గీతలమీద గట్టిపడిన మట్టి కనిపించాయి. అది నిజమైనదేనని వారు ప్రకటించారు. నాణేల పండితులు కొందరు ఇప్పటికీ ఒప్పుకోలేదు, వాదం నడుస్తూనే ఉంది. మూడువందల ఏళ్ళ తరువాత కూడా వాదించగలుగుతున్నారంటే కారణం, ఆ మట్టిని ఎవరూ తోమివేయకపోవడమే.

రెండవది దానికి తలక్రిందులు. జూలియస్ సీజర్‌ను చంపిన బ్రూటస్ వేయించిన అరుదైన బంగారు కాసు 2020లో లండనులో వేలమై నలభై లక్షల డాలర్లకు పైగా పలికింది. కాసు అసలైనదే. కాని అది ఎవరి చేతులమీదుగా వచ్చిందో చెప్పే కాగితాలు దొంగవని తేలింది. 2023లో అమెరికా అధికారులు దానిని స్వాధీనపరచుకుని గ్రీసు దేశానికి అప్పగించారు. కాసు నిజమైనా దాని కథ అబద్ధమైతే కొన్నవాడికి దక్కదు.

మన సభ్యురాలి అనుభవం

ఇప్పుడు మన ఊరి సంగతి. కుటుంబ పింఛను పొందుతున్న ఒక అమ్మగారు ఆ మధ్య మా ఇంటికి వచ్చి రుమాలు ముడి విప్పి రెండు కాసులు బల్లమీద పెట్టారు. "ఖజానా బాబుగారూ, ఇవి చూసిపెట్టండి. పునాదులు తవ్వుతుంటే లంకెబిందె దొరికిందట, రోమను కాసులట, ఇంకా రెండువందలున్నాయట. గ్రామునకు బజారు ధరలో సగానికే ఇస్తామన్నారు. ఆచారిగారు గీటురాయిమీద గీసి మంచి బంగారమే అన్నారు. రేపు ఫిక్సెడ్ డిపాజిట్ తీసేద్దామనుకుంటున్నాను" అన్నారు. మనుమరాలి పెళ్ళికని దాచిన డబ్బు అది.

నీటి పరీక్ష చేశాము. ఆచారిగారు చెప్పింది నిజమే, బంగారమే. కాని ఒక్కొక్కటి నాలుగు గ్రాములు చిల్లర, బొమ్మ అగస్టస్‌ది. భూతద్దంలో అంచు చుట్టూ ఆకురాయి రుద్దిన గీతలు తళతళలాడుతున్నాయి. అన్నిటికంటె, రెండు కాసులలోనూ చక్రవర్తి చెవి ప్రక్కన ఒకేచోట, ఒకే పొడవున, ఒకే వంకరతో గీత ఉంది. రెండు కాసులు రెండువేల ఏళ్ళలో ఒకేచోట గీసుకోవు. ఒక కాసును మూసగా పెట్టి రెండూ పోసినవని అర్థం. పైగా వాటికి దొరికిన చోటు లేదు, ఏ ఊరంటే చెప్పలేదట.

"అమ్మా, ఈ రెండూ ఎర. మీరు వాళ్ళను ఒక్కమాట అడగండి. సంచి మొత్తం ఆచారిగారి కొట్టుకు తెమ్మనండి, నేను చేయిపెట్టి తీసిన కాసులే పరీక్షిస్తానని చెప్పండి" అన్నాను. ఆవిడ అలాగే చెప్పారు. ఆ మనుషులు సాయంత్రం వస్తామని చెప్పి మళ్ళీ రాలేదు. ఆవిడ కుమారుడు పోలీసు స్టేషనులో ఫిర్యాదు వ్రాసి, ఆ రెండు కాసులూ అప్పగించి రసీదు తీసుకున్నారు. డిపాజిట్ బ్యాంకులో భద్రంగా ఉంది. ఈ సంగతి మీ అందరికీ చెప్పమని కోరినది ఆవిడే.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. హనుమంతుడి బొమ్మతో 1717, 1818 అని సంవత్సరాలు వేసిన ఈస్టిండియా కంపెనీ కాసులు బియ్యాన్ని లాగుతాయని, కోట్లు పలుకుతాయని రైస్ పుల్లింగ్ పేరున తిరుగుతారు. కంపెనీవారు అటువంటివి ఎన్నడూ వేయలేదు. పాత రెండు రూపాయల బిళ్ళకు లక్షలిస్తాము, ముందుగా రిజిస్ట్రేషను ఫీజు పంపండి అని ఫోనులు వస్తాయి. పాత నోట్లు, నాణేల అమ్మకానికి తాము రుసుము గాని కమీషను గాని వసూలు చేయమని, ఎవరికీ అలాంటి అధికారం ఇవ్వలేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటించింది. ఫోనులో మోసపోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు చెప్పండి.

నిజంగా దొరికితే

ఇక నిజంగానే పొలంలోనో, పాత ఇంటి గోడలోనో కాసులు దొరికాయనుకోండి. మొదట, చింతపండుతో గాని, ఇసుకతో గాని, పళ్ళపొడితో గాని తోమవద్దు. ఇత్తడి చెంబును తోమినట్లు కాసును తోమితే దాని వయసు చెప్పే సాక్షిని చంపినట్లే. కుండ ఉంటే పెంకులతో సహా ఉంచండి. దొరికిన చోటు, లోతు, తేదీ ఒక కాగితంమీద వ్రాసి, ఫోటో తీసి ఉంచండి.

రెండవది చట్టం. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు మించితే దొరికినవారు కలెక్టరుగారికి వ్రాతమూలకంగా తెలియజేయాలి. దాచిపెడితే వాటా పోవడమే కాక జైలు శిక్ష కూడా ఉంది. తెలియజేసినవారికి అన్యాయం జరగకుండా ఏర్పాటుంది. స్వంతదారుడెవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు, నిధిలో మూడువంతులు దొరికినవారికి, ఒక వంతు ఆ స్థలం యజమానికి చెందుతుంది. ప్రభుత్వమే తీసుకోదలచితే లోహపు విలువకు మరో ఐదోవంతు కలిపి చెల్లించాలి. నెల్లూరు రైతుకు అప్పట్లో ఈ సౌకర్యం లేదు.

మూడవది 1972 నాటి పురావస్తువుల చట్టం. నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువే. దానిని ఎవరుబడితే వారు విదేశాలకు పంపకూడదు. వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. మనలో చాలామంది పిల్లలు అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్నారు. తాతగారి గుర్తుగా ఉంటుందని పాత కాసు పెట్టెలో పెట్టి పంపాలనిపిస్తుంది. దయచేసి పంపవద్దు. విమానాశ్రయంలో ఇబ్బంది పడేది వాళ్ళే.

నాలుగవది, నిర్ణయం మనం చేయవద్దు. తూకం, నీటి అంకె, రెండువైపులా ఫోటో, దొరికిన వివరం తయారుచేసి రాష్ట్ర పురావస్తు శాఖకు గాని, విశ్వవిద్యాలయంలో చరిత్ర శాఖకు గాని చూపండి. అచ్చయిన నాణేల పట్టికలతో పోల్చి చెప్పగలవారు వారే. మనం చేయవలసింది సాక్ష్యాన్ని చెడకుండా వారిదాకా చేర్చడం.

చివరిగా ఒక చిన్న పని మనవి చేస్తాను. దీనికి రోమను కాసు అక్కరలేదు. ఈ వారంలో మీ ఇంట్లో పాత పెట్టె తెరవండి. చిల్లుకాణీ ఉండవచ్చు, రామటెంకి ఉండవచ్చు, విక్టోరియా రాణి రూపాయి ఉండవచ్చు, అమ్మమ్మగారి కాసులపేరులో మిగిలిన ఒక బిళ్ళ ఉండవచ్చు. ఒక్కొక్కదానిని ఒక్కొక్క కవరులో వేసి, అది ఎవరిచ్చారో, ఏ సందర్భంలో వచ్చిందో మీకు జ్ఞాపకమున్నంతవరకు పైన వ్రాసి, తేదీ వేసి సంతకం పెట్టండి. ఆ వివరం తెలిసినవారు ఇంట్లో మీరొక్కరే కావచ్చు. మీరు వ్రాయకపోతే మీ తరువాత అది తూకానికి పోయే లోహం. వ్రాస్తే మీ మనుమలకు ఒక కుటుంబ చరిత్ర, ఆ కాసు అరుదైనదైతే పండితులకు ఒక ఆధారం. ముప్పైఏళ్ళు ఫైళ్ళమీద నోట్సు వ్రాసిన చేతులు మనవి, ఇది మనకు కష్టమైన పని కాదు.

ఎవరికైనా కాసు చూపించాలని ఉంటే ఆదివారం ఉదయం మన సంఘ భవనానికి రండి. నా భూతద్దం, ఒక గ్లాసు నీళ్ళు సిద్ధంగా ఉంటాయి. కాటా మాత్రం ఆచారిగారు తెస్తామన్నారు.